మీ హాలు ఎన్ని అడుగులు? మొదటి ప్రైమ్ లెన్స్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

కొత్తగా మిర్రర్‌లెస్ కెమెరా కొని, "అక్కా, ప్రైమ్ లెన్స్ ఏది తీసుకోమంటావ్?" అని అడిగేవాళ్లు మా ఆఫీసులో ఎప్పుడూ ఒకరిద్దరు తయారుగా ఉంటారు. నేను ముందు బడ్జెట్ అడగను. "మీ హాలు ఎన్ని అడుగులు?" అంటాను. ఫ్లాట్లు చూపించే బ్రోకర్‌ని చూసినట్టు చూస్తారు. కానీ నేను చూసినంతలో, ప్రైమ్ కొని అల్మారాలో పడేసినవాళ్లు లెన్స్ బాగాలేక పడేయలేదు, వెనక్కి జరగడానికి చోటు లేక పడేశారు. ప్రైమ్‌కి జూమ్ ఉండదు. దగ్గరికైనా దూరానికైనా మనమే నడవాలి. మన ఇళ్లలో నాలుగడుగులు వెనక్కి వేస్తే సోఫా తగులుతుంది, ఇంకో రెండు వేస్తే గోడ.

నాది నల్లకుంటలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. మా ఆడపడుచు ఇంటి నుంచే చీరలు అమ్ముతుంది, వాటి ఫొటోలు తీసే డ్యూటీ నాది. ఆషాఢంలో బోనాలకి, జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కి కెమెరా పట్టుకుని బయల్దేరతాను. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఇంట్లో, ఫంక్షన్ హాల్లో, ఇరుకు గల్లీల్లో ఫొటోలు తీసేవాళ్ల కోసం. పక్షులు, క్రికెట్ మ్యాచ్‌లు మీ సరదా అయితే మీకు కావాల్సింది పెద్ద జూమ్. ప్రైమ్ మీద డబ్బు పెట్టకండి.

అసలు ప్రైమ్ ఎందుకంటే

కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌ని జనం ఊరికే తిడతారు. మధ్యాహ్నం పూట ట్యాంక్‌బండ్ మీద దాంతో తీసిన ఫొటోకి వంక పెట్టడం కష్టం. ఇబ్బంది సాయంత్రం ఆరు దాటాక, ట్యూబ్‌లైట్ కింద మొదలవుతుంది. కిట్ లెన్స్‌ని జూమ్ చేసేకొద్దీ ఎఫ్ నంబర్ పెరుగుతూ పోయి 5.6 దగ్గరో, కొన్నిటిలో 6.3 దగ్గరో ఆగుతుంది. చవక ప్రైమ్‌లు ఎక్కువగా ఎఫ్/1.8 ఉంటాయి. ఈ నంబర్ ఎంత చిన్నదైతే లోపలి ఓపెనింగ్ (అపెర్చర్) అంత పెద్దది. 5.6ని 1.8తో భాగించి, వచ్చినదాన్ని దాంతోనే హెచ్చవేయండి. దాదాపు పది వస్తుంది. పది రెట్లు ఎక్కువ వెలుతురన్నమాట.

ఆ పది రెట్లని రెండు రకాలుగా వాడుకోవచ్చు. ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400 పెట్టి గరుకుగా తీయాల్సిన ఫొటోని 640తో శుభ్రంగా తీయొచ్చు. లేదా ఐఎస్ఓ అలాగే ఉంచి, సెకనులో 30వ వంతు ఉన్న షట్టర్‌ని 300వ వంతుకి పెంచొచ్చు. కేక్ ముందు గెంతుతున్న పిల్లాడి ముఖం అలికినట్టు రాకుండా ఉండాలంటే రెండోదే దారి. వెనకంతా మసకగా వచ్చే అందం కూడా ప్రైమ్‌తో వస్తుంది, కాదనను. కానీ దాని కోసమే కొన్నవాళ్లకి నెలరోజుల్లో మోజు తీరిపోతుంది. వెలుతురు కోసం కొన్నవాళ్లు రోజూ వాడతారు.

అడుగుల లెక్క

ఇదొక్కటి వంటబడితే మిగతాది సులువు.

మొదటి కెమెరాగా కొనేవాటిలో చాలావరకు ఏపీఎస్-సీ సైజు సెన్సర్ (ఫొటో పడే చిప్) ఉంటుంది. సోనీ జెడ్‌వీ-ఈ10, ఏ6400, నికాన్ జెడ్50, జెడ్30, కేనన్ ఆర్50, ఆర్10, ఫ్యూజీ ఎక్స్ సిరీస్ అన్నీ ఈ కోవలోవే. సోనీ, నికాన్, ఫ్యూజీల్లో ఆ సెన్సర్ పొడవు సుమారు 23.5 మిల్లీమీటర్లు. కెమెరాని నిలువుగా పట్టుకుని ఒక మనిషిని తల నుంచి పాదాల దాకా, పైనా కిందా కాస్త ఖాళీతో పట్టాలంటే ఫ్రేములో ఆరడుగుల ఎత్తు రావాలి. అందుకు ఎంత దూరంలో నిలబడాలో తెలియాలంటే లెన్స్ ఎంఎంని (లెన్స్ పేరులో ఉండే అంకె, అది పెరిగేకొద్దీ చూపు ఇరుకవుతుంది) నాలుగుతో భాగించండి. వచ్చేది అడుగులు. 24 ఎంఎం అయితే ఆరడుగులు. 35 అయితే తొమ్మిది కన్నా కొంచెం తక్కువ. 50 అయితే పన్నెండున్నర. 56 అయితే పద్నాలుగు. కేనన్ సెన్సర్ కాస్త చిన్నది కాబట్టి వచ్చినదానికి అర అడుగో అడుగో కలుపుకోండి. ఎవరైనా పాత ఫుల్‌ఫ్రేమ్ (ఇంకా పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా ఇచ్చి ఉంటే నాలుగుకు బదులు ఆరుతో భాగించండి.

ఈ దూరానికి ఇంకో మూడున్నర అడుగులు చేర్చాలి. మనిషిని గోడకి అతికించి నిలబెడితే వెనక నీడ పడుతుంది, మసక రాదు, కనీసం రెండడుగులు ముందుకు జరపాలి. కెమెరా పట్టుకుని నిలబడటానికి మీకూ ఒకటిన్నర అడుగు కావాలి. అంటే 50 ఎంఎంతో నిలువెత్తు ఫొటో తీయాలంటే అడ్డం లేని పదహారు అడుగులు ఉండాలి. టేపు వెతుక్కోనక్కర్లేదు. ఈమధ్య కట్టిన ఫ్లాట్లలో ఎక్కువగా రెండడుగుల టైల్సే వేస్తున్నారు, లెక్కపెట్టండి. మా హాల్లో టీవీ గోడ నుంచి ఎదురు గోడకి ఏడు టైల్స్, పద్నాలుగు అడుగులు. మూడున్నర తీసేస్తే పదిన్నర మిగులుతాయి. 35 ఎంఎం హాయిగా సరిపోతుంది, 40 బొటాబొటీగా సరిపోతుంది, 50 పట్టదు. బెడ్‌రూములో ఐదు టైల్స్, అంటే పదడుగులు. అక్కడ మిగిలేది ఆరున్నర, 24 తప్ప ఇంకేదీ కుదరదు. ఆడపడుచు చీర కట్టుకుని కుచ్చిళ్ల నుంచి పైట కొంగు దాకా కనబడేలా నిలబడితే నేను 35తో ఎదురు గోడ దాకా వెళ్లకుండానే తీయగలుగుతున్నాను.

అయితే చిన్న ఎంఎం కొనేస్తే గొడవ వదిలిపోతుంది కదా అనుకోకండి. ముఖం మాత్రమే నిండుగా రావాలంటే, అంటే ఫ్రేములో రెండడుగులు చాలనుకుంటే, 24తో రెండడుగుల దూరానికి వెళ్లాలి. అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దది, చెవులు చిన్నవి అయిపోతాయి. ఆ ఫొటో మా అత్తగారికి చూపిస్తే ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టేస్తుంది. 35తో మూడడుగులు, పర్వాలేదు. 50తో నాలుగడుగులు, ముఖం ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది. నడుము దాకా తీసే ఫొటోకి 50తో ఆరడుగులు చాలు, అది ఏ గదిలోనైనా దొరుకుతుంది. కాబట్టి ప్రశ్న ఇది: మీరు తీసేవి నిలువెత్తు ఫొటోలా, నడుము దాకానా, ముఖాలా? రెండూ మూడూ కావాలంటే 35 దగ్గర రాజీ పడండి. నేను అక్కడే పడ్డాను.

అడ్డంగా పట్టుకుంటే ఇదే లెక్క గ్రూపు ఫొటోకి పనికొస్తుంది. 35తో తొమ్మిదడుగుల దూరం నుంచి ఆరడుగుల వెడల్పు వస్తుంది, భుజం భుజం ఆనించి నిలబడితే నలుగురు. పెళ్లిలో స్టేజీ మీద పదిమందిని తీయాలంటే ప్రైమ్ మర్చిపోయి కిట్ లెన్స్ తగిలించండి. చార్మినార్‌ని మొత్తంగా పట్టడానికి కూడా అంతే.

కొనేముందు ఉచితంగా పరీక్ష

కిట్ లెన్స్ జూమ్ రింగుని 35 దగ్గర పెట్టి, కదలకుండా కాగితం టేపు అంటించండి. వారం రోజులు దాన్ని తీయకండి. తర్వాతి వారం 24 దగ్గర, ఆ తర్వాత చివరికంటా తిప్పి 45 లేదా 50 దగ్గర. సోనీ 16-50 పవర్‌జూమ్ అయితే టేపు పనిచేయదు, కెమెరా ఆపగానే లోపలికి వెళ్లిపోతుంది. ఆన్ చేసినప్పుడల్లా తెర మీద అంకె చూసి మళ్లీ 35కి తెచ్చుకోవాలి. విసుగే, అయినా చేయండి. ఎక్కడ "అయ్యో, ఇంకొంచెం వెనక్కి వెళ్లగలిగితే బాగుండు" అనిపిస్తుందో, ఎక్కడ "ఇంకా దగ్గరికి రావాలి" అనిపిస్తుందో గమనించండి. మొదటిది ఎక్కువసార్లు అనిపిస్తే ఇంకా చిన్న ఎంఎంకి వెళ్లండి.

కెమెరా ఇంకా చేతికి రాలేదా? చాలా ఫోన్లలో మెయిన్ కెమెరా చూపించేది ఏపీఎస్-సీ మీద 16 ఎంఎం చూపించేదానికి దగ్గరగా ఉంటుంది. ఫోన్‌లో 2ఎక్స్ నొక్కితే ఇంచుమించు 35 చూపు, 3ఎక్స్ నొక్కితే 50 చూపు. మోజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీమ్ తింటున్న పిల్లల్ని ఫోన్‌తో 2ఎక్స్‌లో తీసి చూడండి, తర్వాత 3ఎక్స్‌లో. ఏది చేతికి వీలుగా ఉందో కాసేపట్లోనే తెలిసిపోతుంది.

పాత ఫొటోలు తిరగేసి ఏ ఎంఎంలో ఎక్కువ తీశారో చూడమని కొందరు సలహా ఇస్తారు. నాకు దాని మీద నమ్మకం లేదు. కిట్ లెన్స్‌ని మనం అయితే ఈ కొసకి, లేదంటే ఆ కొసకి తిప్పేస్తాం. మధ్యలో ఆగేది తక్కువ. అందులో కనబడేది మన చేతి అలవాటే.

ఏ కెమెరాకి ఏది

సోనీ వాళ్లు అదృష్టవంతులు, దుకాణంలో ఎక్కువ సరుకు వాళ్లకే. సిగ్మా 30 ఎంఎం ఎఫ్/1.4 డీసీ డీఎన్ 2016 నుంచి ఉంది. బరువు 265 గ్రాములు, ఇప్పటికీ డబ్బుకి తగ్గ లెన్స్. ఏడున్నర అడుగుల్లో నిలువెత్తు మనిషి పడతాడు. స్టెబిలైజేషన్ లేదు. సోనీ సొంత ఈ 35 ఎంఎం ఎఫ్/1.8 ఓఎస్ఎస్‌కి అది ఉంది, బరువు 154 గ్రాములే. జెడ్‌వీ-ఈ10, ఏ6400 బాడీల్లో స్టెబిలైజేషన్ లేదు కాబట్టి చేత్తో పట్టుకుని వీడియో తీసేవాళ్లకి ఓఎస్ఎస్ ఉపయోగం. ఫొటోలే అయితే సిగ్మా వైపు మొగ్గుతాను. ఒక్క మాట, స్టెబిలైజేషన్ మీ చేతి వణుకుని ఆపుతుంది, పరిగెత్తే పిల్లల్ని కాదు. ఎఫ్ఈ 50 ఎంఎం ఎఫ్/1.8 చవగ్గా కనిపించి ఊరిస్తుంది. అది 2016 నాటి ఫుల్‌ఫ్రేమ్ లెన్స్, ఫోకస్ మోటర్ నిదానం, వీడియోలో చప్పుడు వినిపిస్తుంది. చుట్టూ తిరిగే పిల్లల ఇంటికి దాన్ని సిఫారసు చేయను.

నికాన్ డీఎక్స్ (ఏపీఎస్-సీకి నికాన్ పెట్టుకున్న పేరు) వాళ్లకి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. 2023లో వచ్చిన జెడ్ డీఎక్స్ 24 ఎంఎం ఎఫ్/1.7 ఉంది. 135 గ్రాములు, 18 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్లి ఫోకస్ చేస్తుంది. చిన్న ఫ్లాట్లకి, గల్లీలకి ఇదే. ముఖాలే మీ పని అయితే జెడ్ 40 ఎంఎం ఎఫ్/2.

ఫ్యూజీకి ఎక్స్‌సీ 35 ఎంఎం ఎఫ్/2. ఖరీదైన ఎక్స్ఎఫ్ 35 ఎఫ్/2లో ఉన్న అద్దాలే ఇందులోనూ ఉన్నాయి. మెటల్ బాడీ, అపెర్చర్ రింగు, నీటి రక్షణ మాత్రం తీసేశారు. 130 గ్రాములు.

కేనన్ దగ్గర కాస్త ఆగాలి. ఆర్50 కొన్న ప్రతివాళ్లకీ దుకాణంలో ముందు చూపించేది ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం. 2020లో వచ్చింది, 160 గ్రాములు, కేనన్ ఆర్ఎఫ్ ప్రైమ్‌లలో అందరికీ అందే ధర దానిదే. లెన్స్ చాలా మంచిది. కానీ కేనన్ ఏపీఎస్-సీ మీద అది ఫుల్‌ఫ్రేమ్‌లో 80 ఎంఎం చూపినంత ఇరుకుగా చూపిస్తుంది. అడుగుల లెక్కలో నిలువెత్తుకి పదమూడున్నర, గోడల ఖాళీ కలిపితే పదిహేడు. అంత హాలు ఉన్నవాళ్లు ఈ వ్యాసం చదవాల్సిన పనిలేదు. ఇంట్లో పిల్లల ముఖాలు, నడుము దాకా ఫొటోలు, బోనాల్లో కాస్త దూరం నుంచి పోతరాజు, ఇవే మీకు కావాల్సినవైతే కళ్లు మూసుకుని తీసుకోండి. గది మొత్తం, మనిషి మొత్తం కావాలంటే ఆర్ఎఫ్ 28 ఎంఎం ఎఫ్/2.8 ఉంది. 120 గ్రాములే, జేబులో పడుతుంది. కాకపోతే ఎఫ్/2.8 కాబట్టి నేను పైన చెప్పిన పది రెట్ల లాభం నాలుగు రెట్ల దగ్గరే ఆగిపోతుంది. కొన్నేళ్లపాటు కేనన్ ఆర్ఎఫ్ మౌంట్‌కి (కెమెరాకి లెన్స్ బిగించే చోటు) బయటి కంపెనీల ఆటోఫోకస్ లెన్సులు దొరకడమే గగనం. 2024లో సిగ్మా తన ఏపీఎస్-సీ లెన్సుల్ని కేనన్‌కి కూడా ప్రకటించాక పరిస్థితి మారింది. అందులో ఆ 30 ఎంఎం ఎఫ్/1.4 ఉంది. ఆర్50 వాళ్లు 50కి డబ్బు కట్టేముందు దాని ధర ఒకసారి అడగండి.

విల్ట్రాక్స్ ఎయిర్ సిరీస్‌లో 25, 35, 56 ఎంఎం ఎఫ్/1.7 లెన్సులు తేలిగ్గా, చవగ్గా వస్తున్నాయి. కొనేముందు మీ మౌంట్‌కి ఉందో లేదో చూసుకోండి. ఇంకా చవగ్గా దొరికే సెవెన్ఆర్టిజాన్స్, టీటీఆర్టిజాన్ వాటిల్లో చాలావాటికి ఆటోఫోకస్ ఉండదు, రింగు తిప్పి చేత్తో ఫోకస్ చేయాలి. పూలు, దీపాలు, వీధి బండ్లు తీయడానికి సరదాగా ఉంటుంది. మొదటి ప్రైమ్‌గా వద్దు. అన్నప్రాశనలో పిల్లాడు కత్తి పట్టుకుంటాడో పుస్తకం పట్టుకుంటాడో మీ ఫోకస్ కుదిరేదాకా ఆగడు.

ఇంట్లో పాత డీఎస్ఎల్ఆర్ 50 ఎంఎం పడి ఉంటే? కేనన్ ఈఎఫ్ లెన్స్ అయితే అడాప్టర్‌తో ఆటోఫోకస్ సహా పనిచేస్తుంది. నికాన్‌లో ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నవి ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో పనిచేస్తాయి. పాత 50 ఎఫ్/1.8డీ లాంటివాటికి సొంత మోటర్ లేదు కాబట్టి ఆటోఫోకస్ రాదు. లెన్స్ చేతిలో ఉంటేనే అడాప్టర్ కొనండి. రెండూ కొత్తగా కొంటే మిగిలేదేమీ ఉండదు.

పట్టించుకోవాల్సింది, వదిలేయాల్సింది

ఎఫ్/1.4కీ 1.8కీ మధ్య వెలుతురు తేడా ఒకటిన్నర రెట్లు దాటి కొంచెం, అంతే. దాని కోసం అప్పు చేయొద్దు. రేపు ఫుల్‌ఫ్రేమ్ కొంటానేమో అని ఈరోజు దాని లెన్స్ కొనడం కూడా అనవసరం, ఆ రేపు వచ్చినప్పుడు చూసుకోవచ్చు. ఇటుక గోడ ఫొటోలు పెట్టి మూలల్లో షార్ప్‌నెస్ చూపించే వీడియోలు చూస్తూ రాత్రిళ్లు పాడుచేసుకోకండి.

ఎవరూ చెప్పని విషయం, కనీస ఫోకస్ దూరం. చీరల వాళ్లు, నగలు తీసేవాళ్లు, వంటలు తీసేవాళ్లు దీన్ని తప్పక చూడాలి. ఆర్ఎఫ్ 50 ముప్పై సెంటీమీటర్ల దాకా వెళ్లగలదు, తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు జరీ అంచు ఫ్రేము నిండా వస్తుంది. గద్వాల చీర అంచులో గళ్లు, మామిడి పిందెలు పోగు పోగు కనిపిస్తాయి. సోనీ ఎఫ్ఈ 50 నలభై ఐదు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఫ్రేములో పదిహేడు సెంటీమీటర్లు పడతాయి, అదే అంచు సన్నగా కనిపిస్తుంది. పేరుకి రెండూ 50 ఎఫ్/1.8లే.

కోఠిలో కౌంటర్ దగ్గర

ఆన్‌లైన్‌లో కొంటే కొనండి, కానీ కోఠి దుకాణాలకి ఒకసారి వెళ్లి చేత్తో పట్టుకుని చూడటం మంచిది. మధ్యాహ్నం వెళ్లండి, సాయంత్రం రద్దీలో ఎవరూ ఓపిగ్గా చూపించరు. మీ కెమెరా, ఫుల్ చార్జింగ్‌తో బ్యాటరీ, మెమరీ కార్డు తీసుకెళ్లండి. మీ బాడీకి తగిలించి చూడనివ్వని చోట కొనకండి.

తగిలించాక చేయాల్సినవి ఇవి. ఎఫ్ నంబర్‌ని అన్నిటికన్నా చిన్నదానికి పెట్టి, గోడ మీద క్యాలెండర్‌ని ఎదురుగా నిలబడి తీయండి. ఇంటికెళ్లి చూసుకోవద్దు, అక్కడే జూమ్ చేసి నాలుగు మూలల అంకెలు చూడండి. నాలుగూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే పర్వాలేదు. మూడు బాగుండి ఒకటే అలికినట్టుంటే ఇంకో పీసు తీయమనండి. తర్వాత కౌంటర్ అవతలి మనిషి మీద, ఆ వెంటనే గుమ్మం బయట ఆటో మీద, మళ్లీ మనిషి మీద ఫోకస్ చేస్తూ చెవి పెట్టి మోటర్ చప్పుడు వినండి. వీడియో ఒక అర నిమిషం తీసి, ఇయర్‌ఫోన్‌తో వినండి.

బిల్లు లేకుండా ఇస్తే రెండు మూడు వేలు తగ్గుతుందంటారు. అది ఎక్కువసార్లు దొడ్డిదారిన దిగుమతైన సరుకు, ఇక్కడి వారంటీ వర్తించదు. జీఎస్టీ బిల్లు మీద లెన్స్ సీరియల్ నంబర్ రాయించుకుని, లెన్స్ మీద ఉన్నదానితో పోల్చుకోండి. ధరలు దసరా, దీపావళి ఆఫర్లకి మారుతుంటాయి, తొందర లేకపోతే ఆగండి.

సెకండ్‌హ్యాండ్ ప్రైమ్ మంచి బేరం, అందులో పాడయ్యేవి తక్కువ. ఫోన్ టార్చ్ వేసి, రెండు వైపుల మూతలు తీసి, ఏటవాలుగా లోపలికి చూడండి. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే కంగారు పడొద్దు. సాలెగూడు పోగుల్లాగా, తెల్లటి చుక్కల్లాగా కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. వెనక బంగారు రంగు కాంటాక్టులు గీరుకుపోకుండా ఉన్నాయా, ముందు ఫిల్టర్ అంచు నొక్కుకుపోయిందా చూడండి. నొక్కుకుపోతే ఒకసారి కింద పడ్డట్టే.

ఇంకా తేల్చుకోలేకపోతే కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు సినిమావాళ్లకి కెమెరాలు అద్దెకిచ్చే చోట్లు ఉన్నాయి. గుర్తింపు కార్డు, డిపాజిట్ అడుగుతారు. శనివారం తెచ్చుకుని ఒక పుట్టినరోజు పార్టీలో వాడి చూడండి.

తెచ్చాక మొదటి వారం

కెమెరాని అపెర్చర్ ప్రయారిటీలో (ఎఫ్ నంబర్ మనం పెడితే షట్టర్ అదే చూసుకునే మోడ్) పెట్టండి, ఐఎస్ఓ ఆటో. మెనూలో కనీస షట్టర్ వేగం పెట్టుకునే వీలుంటే పిల్లల కోసం 250వ వంతు పెట్టండి, లేకపోతే షట్టర్ ప్రయారిటీకి వెళ్లండి. కంటి ఆటోఫోకస్ ఆన్ చేయండి. ఎఫ్/1.8 ఉంది కదా అని అన్నీ 1.8లో తీయకండి. 50 ఎంఎంతో ఐదడుగుల దూరం నుంచి ఎఫ్/1.8లో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు రెండున్నర అంగుళాలు. కళ్లు వస్తాయి, చెవి పోగులు పోతాయి. ఒక్కరికి 2.2, ఇద్దరికి 2.8, రెండు వరసల్లో నిలబడ్డ కుటుంబానికి 4 దాకా వెళ్లండి.

ఫంక్షన్ హాళ్ల ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోల్లో అడ్డ చారలు వస్తే లెన్స్‌ని అనుమానించకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే చాలా లైట్లు సెకనుకి వందసార్లు మిణుకుతాయి. షట్టర్‌ని 100వ వంతుకో 50వ వంతుకో మార్చండి, చాలావరకు పోతాయి. కొన్ని కెమెరాల్లో ఫ్లికర్ తగ్గించే ఆప్షన్ కూడా ఉంటుంది. చీరల ఫొటోలకి నేను హాల్లో లైట్లన్నీ ఆపేసి బాల్కనీ తలుపు తెరిచి తీస్తాను. పచ్చ ట్యూబ్‌లైట్ సగం, ఎండ సగం పడితే రాణీ రంగు చీర ఎర్రగా కనిపిస్తుంది, పార్సిల్ తిరిగొస్తుంది, ఆడపడుచు మొహం మాడుతుంది.

వానాకాలంలో లెన్స్‌ని కెమెరా బ్యాగులోనే వదిలేయకండి, ఫంగస్ మొదలయ్యేది అక్కడే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. రంగు మారే రకం కొంటే ఎప్పుడు ఎండబెట్టాలో తెలుస్తుంది. హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం) వస్తుందో లేదో మాత్రం అడిగి తెలుసుకోండి. ఆర్ఎఫ్ 50 డబ్బాలో అది రాదు, విడిగా కొనాలి. ఎండ అడ్డంగా పడి ఫొటో తెల్లబారకుండా అది ఆపుతుంది, గోడకి గుద్దుకున్నప్పుడు ముందుగా దెబ్బ తినేది కూడా అదే. డబ్బు మిగిలితే యూవీ ఫిల్టర్ కన్నా ముందు హుడ్ కొనండి.

లాల్ దర్వాజ బోనాలకి తీసుకెళ్తే లెన్స్ ఇంట్లోనే తగిలించుకుని బయల్దేరండి. ఊరేగింపులో పసుపు, కుంకుమ గాల్లో ఎగురుతుంటాయి, లెన్స్ తీసిన రెండు క్షణాల్లో సెన్సర్ మీద పడతాయి. మార్చక తప్పకపోతే పక్క గల్లీలో ఏదైనా మెట్ల కిందికి వెళ్లి, కెమెరా ఆపేసి, మౌంట్‌ని నేల వైపు తిప్పి మార్చండి.